ఆఁడుబిడ్డల పాలు

వేల్పూరు ప్రాంతము పసుపుపంటకు పేరుపడ్డది. అయినను ఆ పొలముల యజమానులు చాలమంది తమ కుమార్తెల కిచ్చునది పసుపుకుంకుమలు మాత్రమే, పొలము కుమారులది. ఇదియే ధర్మమని మన పెద్దలు నమ్మిరి. పిత్రార్జితమునందు కుమార్తెకు కుమారునితో సమానమైన పాలు కలదని మన అత్యున్నత న్యాయస్థానము నిష్కర్షగాఁ దీర్పు చెప్పియున్నది. నిజామాబాదు, బోధను ప్రాంతముల భూవసతిగల హిందూ కుటుంబములవారు దాని నెఱుఁగకుండుట శ్రేయస్కరము గాదు.

పితృపితామహుల యాస్తియందు పుత్రునకు పుట్టుకతోడనే స్వత్వము కలదని విజ్ఞానేశ్వరుని మితాక్షర చెప్పినది. ఆ జన్మస్వత్వమును కుమార్తెకుఁగూడ నొసఁగుటలో నాఁటి ఆంధ్రప్రదేశమే మార్గదర్శి యయ్యెను. ఆ రాష్ట్రసవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. కాని యప్పటికే వివాహితలైనవారికి ఫలింపలేదు. 2005 సెప్టెంబరు 9న అమలునకు వచ్చిన కేంద్రసవరణ యా భేదమును తొలఁగించెను.

అయితే ఆ తేదీనాఁటికి తండ్రి జీవించియుండవలెనా? వలయునని 2015లో ఫూలవతి వ్యాజ్యమున తీర్పు వచ్చినది; 2018లో దానమ్మ వ్యాజ్యమున వచ్చిన తీర్పు వేఱుదారిఁ బట్టినది. 2020 ఆగష్టు 11న వినీతాశర్మ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సందిగ్ధమును తీర్చెను. హక్కు జన్మమువలన వచ్చునది గావున తండ్రి జీవించియుండ నక్కఱలేదు. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరయిన పత్రముచేతనో, న్యాయస్థానపు డిక్రీచేతనో జరిగిన పంపకములు చెల్లును. "ఎన్నఁడో నోటిమాటగాఁ బంచుకొంటిమి" అను వాదము మాత్రము, సర్కారు దస్తావేజుల బలము లేనిచో, సామాన్యముగా నిలువదు.

భీమా సొమ్మువిషయమునఁగూడ అపోహ కలదు. నామినీయే యజమాని యని పలువురు తలంతురు. నామినీ సొమ్ము నందుకొనువాఁడే గాని వారసుల హక్కును హరింపఁజాలఁడని 1983లోనే శర్బతీదేవి వ్యాజ్యమున తీర్పు వచ్చినది. 2015 నాఁటి సవరణచే తలిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో వారికే లాభము చెందును. సోదరుఁడు నామినీ యైనచో నీ సౌలభ్యము లేదు. 2018లో ప్రారంభమైన రైతుభీమావలన మృతుని కుటుంబమునకు 5 లక్షల రూప్యములు చేరును. పత్రమున నెవరి పేరున్నదో రైతులు ముందే చూచికొనుట మేలు.

"కట్నమిచ్చితిమి గదా, మరల పాలెందుల" కని కొంద ఱాక్షేపింతురు. 1961 నుండి కట్నము నేరము. నేరమును చూపి హక్కును త్రోసివేయుట యెట్లు? పొలము ముక్కలగునని మఱికొందఱి భయము. నలుగురు కొడుకులున్న యింట పొలము ముక్కలు కాకున్నదా? ఆ భయమున కడగొట్టు కొడుకునకు పాలు మానిన తండ్రి యెవఁడు? అయితే స్వార్జితమును తండ్రి తన యిచ్ఛానుసారము వీలునామా వ్రాయవచ్చును; ఆ స్వాతంత్ర్యమునకు ఈ తీర్పు భంగము చేయలేదు.

2001 అక్టోబరు 2న వేల్పూరు మండలము బాలకార్మికులు లేని మండలముగాఁ బ్రకటింపఁబడెను. నాఁడు బడిఁ జేరిన బాలికలు నేఁడు ముప్పదియేండ్ల ప్రాయమువారు, చదువనేర్చినవారు. హక్కువిడుదల పత్రముపై వారి సంతకము కోరు సోదరులు మొదట దానిని వారి చేతికిచ్చి చదువనిండు. తెలిసి విడిచినచో అది త్యాగము. తెలియనీక విడిపించినచో అది అపహరణము. బిడ్డలను బడికిఁ బంపి కీర్తిఁ గన్న యూరు, వారి పాలు వారికిచ్చుటలో వెనుదీయరాదు.