పిలిస్తే ‘వెళ్తున్నా’ అంటోందా? దిద్దకండి!



మీ పాప స్పానిష్ తీసుకుందనుకోండి. మీరు హాల్లోంచి పిలిస్తే, కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో లోపల్నుంచి ‘యా బోయ్’ అంటుంది. పుస్తకం వెనక పదాల పట్టికలో ‘బోయ్’ అంటే ‘వెళ్తున్నాను’ అని, ‘బెంగో’ అంటే ‘వస్తున్నాను’ అని ఉంటుంది. దాంతో తప్పు చెప్పిందనుకుని మీరు దిద్దుతారు. దయచేసి దిద్దకండి. పాప చెప్పిందే కరెక్ట్.

ఈ విషయంలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే దారిలో నడుస్తాయి. వినేవాళ్ళున్న చోటికి కదిలినా మనం ‘రావడం’ అనే అంటాం. ఫోన్‌లో అత్తయ్యతో ‘ఆదివారం మీ ఇంటికి వస్తాను’ అంటామే కానీ ‘వెళ్తాను’ అనం కదా! స్పానిష్‌లో లెక్క వేరు. అక్కడ చూసేది మాట్లాడే మనిషి ఎక్కడున్నారని. తనవైపు వస్తే ‘బెనీర్’, అంటే రావడం. తనున్న చోటునుంచి ఇంకెటు కదిలినా ‘ఈర్’, అంటే వెళ్ళడం. కాబట్టి అత్తయ్యతో ‘బోయ్ ఆ తు కాసా’ అనాలి. మాటకు మాట పెడితే ‘మీ ఇంటికి వెళ్తాను’. మన చెవికి కాస్త పెడసరంగా ఉన్నా వాళ్ళకు అదే మర్యాద.

తేవడం, తీసుకెళ్ళడం కూడా ఇంతే. ‘మీ ఇంటికి స్వీట్స్ తెస్తాను’ అన్నప్పుడు వాడేది తెచ్చే ‘త్రయేర్’ కాదు, తీసుకెళ్ళే ‘యెబార్’. పిల్లలకు ఎక్కువగా మార్కులు పోయేది ఈ జంట దగ్గరే. తెలుగులో ఆలోచించి రాస్తారు మరి. హోంవర్క్‌లో సంభాషణ వస్తే ముందు ‘ఈ మాట ఎవరంటున్నారు, ఎక్కడ నిలబడి అంటున్నారు?’ అని అడగండి. సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

ఒక మినహాయింపు ఉంది. ‘నాతో సినిమాకి వస్తావా?’ అని తోడు పిలిచేటప్పుడు స్పానిష్‌లోనూ ‘రావడమే’. జవాబు మాత్రం మళ్ళీ ‘బోయ్’!

మనకు అచ్చంగా కలిసే మాట కూడా ఒకటుంది. బయటికెళ్తూ మనం ‘ఇప్పుడే వస్తా’ అంటాం కదా, స్పెయిన్‌లో ‘అఓరా బెంగో’ అంటారు. తిరిగి ఈ చోటికే రావాలి కాబట్టి ‘బెంగో’ సరిపోయింది.

ఇక ‘మె బోయ్’ అంటే ‘బయల్దేరుతున్నా’ అని. గడప దాటుతూ ‘వెళ్తున్నా’ అంటే మన అమ్మమ్మలు ఊరుకోరు, ‘వెళ్ళొస్తా’ అనమంటారు. స్పానిష్‌లో ఆ పట్టింపు లేదు. స్కూల్ బస్ ఎక్కుతూ పాప ‘మె బోయ్’ అంటే కంగారు పడకండి.