సముద్రతీర విడిది: ఎంపికలో మెలకువలు అవసరం
అలల చెంత అన్న ప్రకటన చూసి మోసపోవద్దు; దూరం, పన్ను, భద్రత ముందే తేల్చుకోవాలి

కోదాడ: సెలవులు రాగానే పిల్లల నోట మొదట వచ్చే మాట సముద్రం. తెలంగాణకు సముద్రతీరం లేకపోయినా కోదాడ ప్రాంత వాసులకు అది మరీ దూరం కాదు. పట్టణం మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) విజయవాడ దాటి మచిలీపట్నంలో ముగుస్తుంది. అంటే ఇంటి ముందున్న దారి వదలకుండా వెళితే సముద్రం చెంతకే చేరతాము. అయితే రెండు రోజుల విహారం ఆనందంగా ముగియడం, చేదు జ్ఞాపకంగా మిగలడం చాలావరకు బస ఎంపికపైనే ఆధారపడి ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మధ్యతరగతి కుటుంబాలు గది తీసుకునే ముందు గమనించవలసిన అంశాలివి.

ఏ తీరానికి వెళ్లాలి?

కోదాడ నుంచి విజయవాడకు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి మచిలీపట్నం మరో 70 కిలోమీటర్లు. ఆ పట్టణానికి చేరువలోనే మంగినపూడి బీచ్ ఉంది. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక, చీరాల సమీపంలోని వాడరేవు, రామాపురం తీరాలకు వెళ్లాలంటే కోదాడ నుంచి 200 కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణించాలి. మంగినపూడి తీరంలో నల్లమట్టి ఎక్కువ. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలన్నదే కోరిక అయితే బాపట్ల, చీరాల వైపు తీరాలే అనువైనవి. విశాఖపట్నంలోని రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు లభించింది. సదుపాయాలు మెరుగే అయినా విజయవాడ నుంచే మరో 350 కిలోమీటర్ల ప్రయాణం కనుక రెండు రోజుల సెలవుకు అది పొసగదు.

కోదాడకు రైలు సదుపాయం లేదు. బస్సులో విజయవాడ చేరి, అక్కడి నుంచి చెన్నై మార్గంలోని రైళ్లలో బాపట్ల లేదా చీరాలలో దిగవచ్చు. మిర్యాలగూడ వాసులకు మాత్రం గుంటూరు, తెనాలి మీదుగా బాపట్ల వైపు వెళ్లే నారాయణాద్రి వంటి రైళ్లు ఉన్నాయి. అయితే రైలు బాపట్లకు అర్ధరాత్రి వేళ చేరుతుందేమో చూసుకోవాలి. ఆ సమయంలో గది తాళం ఇచ్చేవారు ఉంటారో లేదో ముందుగా కనుక్కోకపోతే పిల్లాపాపలతో స్టేషనులోనే తెల్లవార్చవలసి వస్తుంది.

పేరులో బీచ్ ఉంటే చాలదు

హోటల్ పేరులో బీచ్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది తీరంలో ఉన్నట్లు కాదు. కొన్నేళ్ల క్రితం ఈ విలేకరి కుటుంబమూ ఇదే పొరపాటు చేసింది. పేరు చూసి గది తీసుకుంటే తీరం నాలుగు కిలోమీటర్ల దూరాన ఉంది. పూటపూటకూ ఆటోలకు పెట్టిన ఖర్చు లెక్కిస్తే, అంతకంటే మంచి గదే తీరం దగ్గర దొరికేది.

తీరానికి మరీ ఆనుకుని కట్టడాలు ఉండకపోవడానికి కారణం ఉంది. 1991 నుంచి దేశంలో తీర నియంత్రణ మండలి నిబంధనలు అమలులో ఉన్నాయి. పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి గ్రామీణ తీరాల్లో నిర్ణీత దూరం వరకు కొత్త నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. 2019 నాటి ప్రకటన ప్రకారం జనసాంద్రతను బట్టి ఈ దూరం 50 మీటర్లు లేదా 200 మీటర్లు. కాబట్టి గది గుమ్మంలోనే అలలు అన్న ప్రకటనలను నమ్మేముందు ఫోనులోని మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి హోటల్ నుంచి నీటి అంచు వరకు దూరం కొలుచుకోవాలి. ఐదు వందల మీటర్ల లోపు ఉంటే వృద్ధులు సైతం నడిచి వెళ్లగలరు.

సముద్రం కనిపించే గది అన్నదానికీ అర్థం అడిగి తెలుసుకోవాలి. గదిలో కూర్చుంటే కనిపిస్తుందా, వరండాలో నిలబడి మెడ సారిస్తే కనిపిస్తుందా అన్నది ముఖ్యం. మన తీరం తూర్పున ఉంది. ఇక్కడ కడలిపై చూడదగినది సూర్యోదయమే గానీ సూర్యాస్తమయం కాదు. తెల్లవారుజామున లేచి తీరానికి నడిచి వెళ్లగలిగే కుటుంబం అటువంటి గదికి అదనంగా వందలు, వేలు చెల్లించవలసిన అవసరం లేదు.

గంటల లెక్క కీలకం

ఒక్క రాత్రి బసలో గంటల లెక్కే అసలు సంగతి. శనివారం తెల్లవారుజామున ఐదు గంటలకు కోదాడలో కారు బయలుదేరితే తొమ్మిది, పది గంటలకు సూర్యలంక చేరవచ్చు. అనేక హోటళ్లు మధ్యాహ్నం 12 తర్వాత గానీ గది ఇవ్వవు. మరుసటి రోజు ఉదయం 10 లేదా 11 గంటలకే ఖాళీ చేయమంటాయి. ఒక రోజు అద్దె చెల్లించినా గది చేతిలో ఉండేది 22 గంటలే. ముందుగా వస్తే గది ఇస్తారా, లేకుంటే సామాను భద్రపరచి స్నానాల గది వాడుకోనిస్తారా అని అడగాలి. 24 గంటల పద్ధతి పాటించే చోటు దొరికితే రెండో రోజు ఉదయం కూడా తీరంలో గడపవచ్చు.

వీటితోపాటు మరికొన్ని ప్రశ్నలు తప్పవు. కరెంటు పోతే జనరేటరుతో ఫ్యాను మాత్రమే తిరుగుతుందా, ఏసీ కూడా పనిచేస్తుందా? కుళాయి నీరు ఉప్పగా ఉంటుందా? తాగునీరు ఇస్తారా? మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కింది అంతస్తులో గది, కమోడ్ ఉన్నాయా? ఎన్నేళ్ల లోపు పిల్లలకు అదనపు రుసుము ఉండదు? శాకాహారులకు వేరుగా వంట ఉందా? ఈ ప్రశ్నలకు ఫోనులో విసుగు లేకుండా సమాధానమిచ్చే హోటల్‌లోనే సేవలూ బాగుండే అవకాశం ఉంది.

పన్ను ఎంత?

గది అద్దెపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి సవరించారు. రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం. రూ.3,000 గదికి పన్ను రూ.150 మాత్రమే. అదే రూ.8,000 గది అయితే పన్నే రూ.1,440 అవుతుంది. అందువల్ల ఫోనులో చెప్పిన ధర పన్నుతో కలిపా, విడిగానా అన్నది తేల్చుకోవాలి. భోజనం బిల్లులో సర్వీసు చార్జీని తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు జారీ చేసింది. దానిని తొలగించమని అడిగే హక్కు వినియోగదారునికి ఉంది.

అడ్వాన్సు చెల్లించే చోట జాగ్రత్త వహించాలి. పేరున్న హోటళ్ల పేరిట నకిలీ వెబ్‌సైట్లు, ఫోను నంబర్లు పెట్టి సొమ్ము కాజేసే ముఠాలున్నాయి. సూర్యలంకలో పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు వంటి ప్రభుత్వ వసతులకు ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్ ద్వారానే గది తీసుకోవాలి. వ్యక్తిగత ఖాతాకు మొత్తం సొమ్ము పంపమంటే అనుమానించాలి. మోసపోయినట్లు గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం చేసిన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

కాలువ ఈత వేరు, కడలి వేరు

అన్నింటికంటే ముఖ్యమైనది ప్రాణభద్రత. సాగర్ ఎడమ కాలువలో, మట్టపల్లి వద్ద కృష్ణలో ఈత నేర్చినవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఆ ధైర్యమే సముద్రం వద్ద ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య పల్లం ఉన్న చోట ఆ నీరంతా ఇరుకైన పాయగా చేరి వేగంగా లోపలికి పరుగెడుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు విరగవు, నురుగు తక్కువగా ఉంటుంది. తెలియనివారు నెమ్మదిగా ఉన్న చోటని భావించి సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. కంగారుపడకుండా నీటిపై తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గిన తర్వాతే తీరం వైపు మళ్లాలి. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు. ఈ కారణంగానే ఒంటరి తీరంలోని రిసార్టు కంటే గజ ఈతగాళ్లు, పోలీసు కాపలా ఉండే ప్రధాన తీరానికి దగ్గరి హోటల్ మేలు. హోటల్‌లో ఈతకొలను ఉంటే దాని లోతు ఎంత, చుట్టూ కంచె ఉందా, కాపలా మనిషి ఉంటాడా అన్నదీ అడగాలి.

కాలం చూసి బయలుదేరాలి

బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో తుపానులు ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది పౌర్ణమి నాడు, ఆదివారం ఉదయం. ఆంధ్ర తీరంలో నూరు మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఎత్తైన అలలపైనా ఈ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చి పోలీసులు తీరాన్ని మూసివేస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారా అన్నది గది తీసుకునే ముందే రాతపూర్వకంగా, కనీసం ఫోను సందేశంగానైనా తీసుకోవాలి. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు కనుక ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం.

చెప్పినది ఒకటి, ఇచ్చినది మరొకటి అయితే ఫొటోలు, రసీదులు భద్రపరచి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం హోటల్ ఎక్కడున్నా ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. బాపట్ల హోటల్‌పై పోరాడేందుకు బాపట్ల దాకా తిరగవలసిన పని లేదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇంటి నుంచి కదలకముందు పది నిమిషాలు ఫోనులో అడిగి తెలుసుకుంటే, తీరం చేరాక పిల్లలతో ఇసుక గూళ్లు కట్టే తీరిక దక్కుతుంది.