కోణముల నడుమ దగ్గరి దారి

ఈ సంవత్సరము మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకు తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక చిన్న బండిని చేసిరి. దానిలో దిక్సూచియు, చిన్న కంప్యూటరు పలకయు కలవు. చెప్పిన దిక్కునకు అది తనంతట తాను తిరుగవలెను. తల్లిదండ్రులు చూచుచుండగా అది కుడికి కొంచెము తిరుగుటకు మారుగా, ఎడమవైపుగా ఇంచుమించు పూర్తిచుట్టు తిరిగి అక్కడికి చేరినది. అందరును నవ్విరి. “లెక్కలు తెలుగులో చెబితే ఇంతేనండీ” అని ఒక తండ్రిగారు అనిరి. ఆయనకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు ఒప్పుకొనవలెను. పిల్లలు తమ లెక్కను మాకు చూపినపుడు సరిగా నున్నదని చెప్పినది మేమే. ఉత్తరమును 0 గా నెంచి కుడివైపుగా లెక్కించినచో తూర్పు 90, దక్షిణము 180, పడమర 270 డిగ్రీలు. 360 వద్ద మరల ఉత్తరమే. బండి ముఖము 350 వైపున్నది. 10 వైపునకు తిరుగవలెను. 10 నుండి 350 తీసివేసినచో −340, అనగా ఎడమకు 340 డిగ్రీలు. తీసివేతలో దోషము లేదు. కాని కుడికి 20 డిగ్రీలు చాలునని బొమ్మ గీచిన ఎవరికైనను తెలియును. చక్రమునకు మొదలు తుది లేవన్న సంగతి తీసివేతకు తెలియదు.

దీనికి ఉపాయ మిది. వచ్చిన తేడాకు 180 కలిపి, 360 చేత భాగించి, శేషమునుండి 180 తీసివేయవలెను. శేష మెన్నడును 0 కంటె తక్కువగాని 360 గాని కానేరదు గనుక, తుదిఫలము ఏ వైపునను అర్ధచక్రమును దాటదు. −340 కి 180 కలిపిన −160. 360 చేత భాగించిన శేషము 200. అందు 180 పోగా 20. కుడికే!

పిల్లలు ఇట్లే మార్చి వ్రాసిరి. బండి మరల ఎడమకే తిరిగినది! రెండు దినములు వెదకిన పిదప కారణము దొరకినది. పైథాన్ భాషలో −160 ని 360 చేత భాగించిన శేషము 200 అనియే వచ్చును. సీ, జావా భాషలలో మాత్రము ఋణగుర్తు నిలిచి, శేషము −160 అగును. అందు 180 పోగా మరల −340! కావున ఆ భాషలలో శేషమునకు 360 కలిపి, మరియొకసారి 360 చేత భాగించి, ఆ శేషమును గ్రహింపవలెను. శేషము 0 కంటె తక్కువ కారాదని తరగతిలో తెలుగున నేర్చుకొన్న బాలికయే ఈ దోషమును పట్టినది. ఆ తండ్రిగారు ఇది గమనింతురు గాక.

మన పంచాంగకర్తలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ఉగాది మరునాడు సూర్యుడు మీనమున 350 డిగ్రీల వద్ద, చంద్రుడు మేషమున 10 డిగ్రీల వద్ద నున్నారనుకొనుడు. చంద్రునినుండి సూర్యుని తీసివేసిన −340. దానికి 360 కలిపిన 20. తిథికి 12 డిగ్రీలు గనుక పాడ్యమి గడచి విదియ జరుగుచున్నది. అయితే వారికి ఎల్లప్పుడును ముందునకు కొలిచిన దూరమే కావలెను. అమావాస్యనుండి అమావాస్యవరకు అది 360 దాక పెరుగును. బండికి కావలసినది ఏ వైపైనను దగ్గరి దారి.

ఇక సరిగా వెనుకకు తిరుగవలసివచ్చినచో రెండు దారులును సమానమే. మేము చెప్పిన లెక్క అప్పుడు −180 నిచ్చును గనుక బండి ఎడమకే తిరుగును. కుడికి తిరుగవలెనన్న పిల్లలు ఆ సంగతి ప్రత్యేకముగా వ్రాయవలెను.