సర్వర్లు బాగానే ఉన్నాయి, మరి సైట్ ఎందుకు రావట్లేదు?

అనకాపల్లి నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. సైట్ ఓపెన్ అవ్వకపోతే మనందరం అనే మాట ఒక్కటే: "సర్వర్ డౌన్." ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక తప్పు చేశాక గానీ అసలు విషయం అర్థం కాలేదు. ముందు ఆ తప్పు చెప్తాను.

ఒక అడ్మిషన్ల సైట్‌ని పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చే పని నాకిచ్చారు. రాత్రి 11 గంటలకి డీఎన్ఎస్‌లో అడ్రస్ మార్చాను, పాత సర్వర్ ఆపేశాను, పడుకున్నాను. పొద్దున్నే హెల్ప్ నంబర్‌కి చోడవరం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "బాబూ, సైటు అవ్వట్లేదు. ఈరోజే లాస్ట్ డేటు, మా పాప ఏడుస్తంది." నా ల్యాప్‌టాప్‌లో చూస్తే సైట్ చక్కగా వస్తోంది!

ఏం జరిగిందంటే, డీఎన్ఎస్ అంటే సైట్ పేరు చెప్తే ఐపీ అడ్రస్ ఇచ్చే వ్యవస్థ. 1983 నుంచి ఉంది. మనం అడిగిన ప్రతిసారీ అది మొదటి నుంచి వెతకదు. ఒకసారి తెలిసిన జవాబుని మన నెట్ కంపెనీ సర్వర్ కొంతసేపు దాచుకుంటుంది. ఎంతసేపో చెప్పే అంకె పేరు టీటీఎల్. నేను మార్చిన రికార్డుకి అది 86400 సెకన్లు, అంటే 24 గంటలు. ఆయన ఫోన్‌కి ఇంకా పాత అడ్రసే అందుతోంది. అక్కడ సర్వర్‌ని నేనే ఆపేశాను!

పాత సర్వర్ మళ్ళీ ఆన్ చేసి, వచ్చినవాళ్ళని కొత్తదానికి పంపేలా పెట్టాం. పాప అప్లికేషన్ వెళ్ళింది. అసలు చెయ్యాల్సింది ఏంటంటే, ముందురోజే టీటీఎల్‌ని 300కి తగ్గించాలి, మార్చాక కూడా పాతదాన్ని రెండు రోజులు ఉంచాలి.

పెద్ద కంపెనీలకీ ఈ దెబ్బ తగిలింది. 2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ దాదాపు 6 గంటలు ఆగిపోయాయి, గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ళ డేటా సెంటర్ల మధ్య లింకులు తెగిపోయాయి. దాంతో వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లకి దారి చూపించే రూట్లు ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. వేల సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటి అడ్రస్ చెప్పేవాళ్ళే లేరు.

సరే, అడ్రస్ దొరికింది. ఇప్పుడు జనం. కొత్త అమావాస్యకి మన నూకాంబిక అమ్మవారి గుడి దగ్గర రద్దీ ఊహించుకోండి. ప్రసాదం కౌంటర్లు నాలుగున్నా, చెప్పేవాళ్ళు లేకపోతే అందరూ మొదటిదాని దగ్గరే తోసుకుంటారు. "మీరు రెండుకి, మీరు మూడుకి" అని పంపే వాలంటీరే లోడ్ బ్యాలెన్సర్. వరసగా ఒక్కొక్కరికీ పంచితే రౌండ్ రాబిన్. తక్కువ లైన్ ఉన్నచోటికి పంపితే లీస్ట్ కనెక్షన్స్. కొన్ని సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నీ "పనిచేస్తున్నావా?" అని అడగడం హెల్త్ చెక్. జవాబు రాని సర్వర్‌కి ఇక ఎవర్నీ పంపదు.

వెనక ఆ కౌంటర్లన్నీ కలిసి ఒకే జట్టుగా పనిచేస్తే అదే క్లస్టర్. ఒకటి ఆగితే పని మిగతావి అందుకుంటాయి. డేటాబేస్ క్లస్టర్లో సాధారణంగా మూడు మెషీన్లు పెడతారు, ఎందుకో తెలుసా? రెండే ఉండి వాటి మధ్య కేబుల్ తెగితే, "అవతలిది పోయింది, ఇక నేనే మెయిన్" అని రెండూ అనుకుంటాయి. డేటా రెండు రకాలైపోతుంది. మూడుంటే, మెజారిటీ ఎటుంటే అదే నడుస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వెనక పది సర్వర్లు పెట్టి, ముందు లోడ్ బ్యాలెన్సర్ ఒక్కటే పెడతారు. ఆ వాలంటీర్ కళ్ళు తిరిగి పడిపోతే? అందుకే అవీ రెండుండాలి. డీఎన్ఎస్ సర్వర్లూ కనీసం రెండు, అదీ వేర్వేరు నెట్‌వర్కుల్లో.

ఈసారి సైట్ రాకపోతే వైఫై తీసేసి మొబైల్ డేటాతో చూడండి. అప్పుడు వస్తే, సర్వర్ బాగానే ఉంది. తేడా మీ నెట్ దారిలోనో, డీఎన్ఎస్‌లోనో ఉంది. నెట్‌వర్క్ అడ్మిన్ అవ్వాలనుకునేవాళ్ళు మాత్రం ప్రతి డబ్బా దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇది పోతే, రెండోది ఉందా?"

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.