జ్వరమునకు రక్తపరీక్ష: దినముల లెక్క



వానకారు నడిమి మొదలుకొని చలికాలపు తొలిదినముల వఱకు మన నిజామాబాదు జిల్లాలో జ్వరము సోకని పల్లె యుండుట యరుదు. జ్వరము రాగానే రైతు పట్టణమునకు వచ్చి రక్తమిచ్చి, ఆ కాగితమును చూపి మందు కొనుచున్నాడు. ఇది మంచి యలవాటే. కాని చేసిన పరీక్ష యేది, జ్వరము పట్టిన యెన్నవ దినమున చేసిరి అను రెండు ప్రశ్నలను అడుగువారు కొందఱే. ఈ రెండును తెలియక చేయించిన పరీక్ష యొక్కొకవేళ మేలుకంటె కీడే చేయును. ఒడలిలో వ్యాధి యుండగనే కాగితము లేదని చెప్పును. ఆ మాట నమ్మి రోగి పనికిరాని మందులతో వారము గడపును.

ఇందుకు ముఖ్యమైన యుదాహరణము స్క్రబ్ టైఫస్ అను జ్వరము. దీనిని కలిగించు సూక్ష్మజీవి పేరు ఓరియన్షియా సుత్సుగముషి. గట్లమీది గడ్డిలోను, పొదలలోను, ఎలుకలు తిరుగు బీళ్లలోను ఉండు ఒకజాతి నల్లి పిల్లలు కుట్టినపుడు ఇది మనుష్యుని శరీరమున ప్రవేశించును. ఆ పిల్లలు కంటికి ఆననంత చిన్నవి. కుట్టిన సంగతియే తెలియదు. కుట్టిన 6 మొదలు 21 దినములలోపల తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు వచ్చును. రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గుటయు గలదు. కావున ఒకరికి డెంగీ వలెను, మఱియొకరికి టైఫాయిడ్ వలెను తోచును. మొదటివారములో సరియైన మందు పడినచో సులభముగా లొంగు ఈ వ్యాధి, రెండవవారమునకు ఊపిరితిత్తులను, మూత్రపిండములను, మెదడును పట్టి ప్రాణముమీదికి తెచ్చును.

బోధను ప్రాంతమువారు దీనిని మఱింత శ్రద్ధతో గమనింపవలెను. 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై నిజాంసాగరము కట్టబడినది. ఆ నీటి యాధారమున చెరకుసాగు పెరిగినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినది. అయినను కాలువల తడి పోలేదు, గట్లమీది గడ్డి పోలేదు, ఎలుకలు అసలే పోలేదు.

ఎలుకలవలన వచ్చు జ్వరము మఱియొకటి గలదు. దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రము కలిసిన నీటిలోను, బురదలోను పనిచేయువారికి కాళ్లుచేతుల గాయములగుండ ఇది సోకును. ఆస్ట్రేలియా దేశమునందలి క్వీన్స్‌లాండులో చెరకు నఱకు కూలీలకు ఇట్టి జ్వరము వ్యాపింపగా, 1934లో ప్రయోగశాలవారు దాని కారణమును నిశ్చయించిరి. కోతకు ముందు తోటను కాల్చి ఎలుకలను వెళ్లగొట్టవలెనని కూలీలు పట్టుబట్టి, 1935లో సమ్మె కూడ చేసిరి. సరియైన పరీక్ష యొక్క రోగికే కాక, ఆ పనిచేయువారి కందఱికిని ఎట్లు బలమగునో దీనివలన తెలియుచున్నది.

ఇక పరీక్ష యేల తప్పునో విచారింతము. రక్తపరీక్షలలో పెక్కు సూక్ష్మజీవిని నేరుగా చూడవు; దానిని ఎదుర్కొనుటకు మన శరీరము పుట్టించు ప్రతిరక్షకములను వెదకును. ఇవి కనబడుటకు సామాన్యముగా 5 మొదలు 7 దినములు, ఒక్కొకవేళ అంతకంటె నెక్కువ, పట్టును. నాట్లు వేసిన మూడవనాడు మడిలో దిగి, వెన్ను కనబడలేదు గాన పైరే లేదనుట యెట్టిదో, జ్వరము వచ్చిన మూడవనాడు ఈ పరీక్ష చేయించి వ్యాధి లేదనుటయు అట్టిదే.

పరీక్షలన్నియు ఒక్కటి కావు. 1896లో ఫెర్నాండ్ విడాల్ కనిపెట్టిన పరీక్ష టైఫాయిడ్ కొఱకైనది. ఒకేసారి తీసిన రక్తముతో చేసినపుడు అది పలుమాఱు పొరపాటు చూపును. ఇతర జ్వరములలోను ఉన్నదని చెప్పవచ్చును. 1916లో వైల్, ఫెలిక్స్ అను ఇరువురు కనిపెట్టిన పరీక్షను స్క్రబ్ టైఫస్‌కు చౌకగా వాడుదురు గాని, వ్యాధి యున్నవారిలో పెక్కుమందిని అది పట్టజాలదు. ఐజీఎం ఎలైజా అను పరీక్ష వీనికంటె నమ్మదగినది. దానికిని దినముల లెక్క తప్పదు. మొదటివారములో సూక్ష్మజీవినే వెదకు పీసీఆర్ పరీక్ష అక్కఱకు వచ్చును. ఐజీఎం ప్రతిరక్షకములు కొన్ని నెలలు నిలుచుటయు గలదు. కావున ఉన్నదని వచ్చినను అది పాతజ్వరపు జాడయా యని వైద్యుడు విచారింపవలసి యుండును. సందేహము తీరనపుడు సుమారు రెండు వారముల యెడముతో రెండుసార్లు రక్తము తీసి, ప్రతిరక్షకములు నాలుగింతలు పెరిగినవా యని పోల్చుట శాస్త్రసమ్మతమైన పద్ధతి.

ఈ పొరపాటు ప్రాణాంతకమగుట యెట్లన: టైఫాయిడ్ అని తలచి ఇచ్చు సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు స్క్రబ్ టైఫస్‌పై పనిచేయదు. దీనికి డాక్సీసైక్లిన్ గాని అజిత్రోమైసిన్ గాని కావలెను. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇత్తురు. భారత వైద్య పరిశోధన మండలి 2015లో వెలువరించిన సూచనల ప్రకారము, కారణము తేలని జ్వరము 5 దినములు దాటినపుడు ఈ వ్యాధిని అనుమానింపవలెను; పరీక్షాఫలితము కొఱకు వేచియుండక చికిత్స మొదలిడవలెను. సరియైన మందు పడినచో పెక్కుమందికి 48 గంటలలో జ్వరము దిగును.

అమెరికాలోని లైం జ్వరమునందును ఇదే న్యాయము. 1975 ప్రాంతమున కనెక్టికట్ రాష్ట్రములోని లైం అను ఊర బయలుపడి, ఒకజాతి పిడుదులవలన వ్యాపించు ఆ వ్యాధి మన దేశమున చాల అరుదు. అచ్చటను మొదటి వారములలో రక్తపరీక్ష తఱచుగా లేదనియే చెప్పును. చర్మముపై దాని గుర్తుగా వ్యాపించు ఎఱ్ఱని వలయము కనబడినచో వైద్యులు పరీక్షకై ఆగక మందిత్తురు.

స్క్రబ్ టైఫస్‌కును అట్టి గుర్తొకటి గలదు. నల్లి కుట్టినచోట, బీడీనిప్పు అంటి కాలినట్లు, ఎఱ్ఱని అంచుతో నల్లని పక్కు కట్టును. అది నొప్పి పుట్టదు, దురద పెట్టదు. కావున రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, నడుము చుట్టు, స్తనముల క్రింద, చెవుల వెనుక వెదకవలెను. అందఱికిని ఈ పక్కు ఉండదు. లేనంతమాత్రమున వ్యాధి లేదనరాదు. ఆడువారు సిగ్గుపడి చూపకుండుటవలన చికిత్స ఆలస్యమగుట గలదు. ఇంటి పెద్దామె గాని, నర్సు గాని చాటున చూచి వైద్యునికి తెలుపవచ్చును.

కావున ప్రతి కుటుంబమువారు ఈ క్రింది నియమములు పాటింపవలెను.

1. జ్వరము పట్టిన దినమును గోడక్యాలెండరుపై గుర్తింపవలెను. ఎన్నవ దినమో వైద్యునికి మొదటనే చెప్పవలెను.

2. గడిచిన మూడు వారములలో గడ్డికోతకు, చెరకుతోటకు, బురదమడికి పోయిన సంగతి దాచక చెప్పవలెను.

3. కాగితముపై ఏ పరీక్ష చేసిరో వ్రాయించుకొనవలెను. మొదటి దినములలో లేదని వచ్చి జ్వరము విడువనిచో, వారము దాటిన పిదప మరల చేయింపవలెను. పాత కాగితములను పాఱవేయరాదు.

4. ఆయాసము, మగత, మూత్రము తగ్గుట, కన్నులు పచ్చబడుట కనబడినచో పరీక్షల మాట అటుంచి వెంటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను.

5. దుకాణమున తామై మందులు కొనరాదు. మోతాదును, దినములను వైద్యుడే నిర్ణయింపవలెను.

సహకార సంఘములు చేయదగిన పనియు గలదు. ఎలుకల నిర్మూలన ఒక్కని చేనితో తీరునది కాదు. ఒకరు మందు పెట్టిన ప్రక్కచేనికి అవి తరలిపోవును. సభ్యులందఱు ఒకే వారమున కూడి చేసిననే ఫలము. గట్లగడ్డిని కోయించుట, రబ్బరు బూట్లను కలసి టోకున కొనుట, పనినుండి రాగానే స్నానముచేసి బట్టలు మార్చుకొనుట, గడ్డిపై పరుండకుండుట అనునవి స్వల్పవ్యయముతో గూడిన రక్షణలు.

విత్తనము మొలకశాతమును చూడక కొనని రైతు, తన ప్రాణమునకు సంబంధించిన కాగితమును గూర్చి రెండు మాటలు అడుగుటకు వెనుదీయరాదు. ఇది ఏ పరీక్ష? ఈ దినమున దీనిని ఎంతవఱకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలను మంచి వైద్యుడు తప్పుగా తలపడు.