దవడ పళ్ళకు ఉంగరమా, అంటించే ట్యూబా?



"సిస్టరుగారూ, మా అమ్మాయికి ముందు పళ్ళకు చిన్న బిళ్ళలు అంటించారు. దవడ పళ్ళకు మాత్రం ఉంగరాలు తొడగాలంటున్నారు. అవి కూడా అంటించేస్తే సరిపోదా?" పిల్లలకు క్లిప్పులు వేయించే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఎందుకో తెలుసుకుందాం.

పళ్ళను వరుసలోకి తెచ్చే తీగ ముందు పళ్ళ మీదుగా వెళ్ళి, రెండు వైపులా దవడ పళ్ళ దగ్గర ఆగుతుంది. ఆరేడేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను ఈ తీగకు గుంజ లాంటిది. నమిలేటప్పుడు ఎక్కువ బరువు పడేదీ ఆ పళ్ళమీదే. అక్కడ పట్టు ఊడితే చికిత్స వెనుకబడుతుంది.

ఉంగరం (బ్యాండు)

ఇది పంటి చుట్టూ తొడిగే పలుచని స్టీలు పట్టీ. పంటికి సరిపోయే సైజు చూసి సిమెంటుతో బిగిస్తారు. పళ్ళ మధ్య చోటు కోసం కొన్ని రోజుల ముందే సెపరేటర్లు అనే చిన్న రబ్బరు రింగులు పెడతారు. రెండు మూడు రోజులు ఏదో ఇరుక్కున్నట్లు, నమిలితే నొప్పిగా ఉంటుంది. భయపడి వాటిని పీకేయకండి.

ఉంగరం పట్టు గట్టిది. గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు వాడితే అది కొద్దికొద్దిగా ఫ్లోరైడును విడుదల చేస్తుంది. అయితే ఉంగరం అంచు చిగురుకు దగ్గరగా ఉంటుంది కనుక, సరిగా తోమకపోతే పాచి చేరి చిగుళ్ళు వాస్తాయి.

అంటించే ట్యూబు

పంటి బుగ్గవైపు ఆమ్లపు జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, చిన్న లోహపు గొట్టాన్ని జిగురుతో అంటిస్తారు. సాధారణంగా నీలి కాంతితో ఆ జిగురును గట్టిపరుస్తారు. ఆమ్లం రాస్తే పంటికి జిగురు బాగా పడుతుందని 1955లో అమెరికాకు చెందిన మైకేల్ బ్యూనకోర్ చూపించారు. దీనికి సెపరేటర్ల నొప్పి లేదు. చిగుళ్ళకు ఒరిపిడి తక్కువ, తోమడం సులువు. కాని అంటించేటప్పుడు ఉమ్మి తడి తగిలితే పట్టు చెడుతుంది. నోటి లోపలి మూలలో పంటిని పొడిగా ఉంచడం అంత తేలిక కాదు.

ఏది మేలు?

ఈ విషయాన్ని కోక్రేన్ సంస్థ 2011లో పరిశీలించి, 2017లో మళ్ళీ చూసింది. లెక్కలోకి తీసుకోదగినవి రెండే అధ్యయనాలు, అందులో ఉన్నవారు 190 మంది. ట్యూబులు ఉంగరాలకంటే ఎక్కువగా ఊడాయని తేలింది. పంటిపై తెల్లమచ్చలు, అంటే పుచ్చుకు తొలి గుర్తులు, ఉంగరాలు వేసినవారిలో తక్కువని ఒక అధ్యయనం చూపింది. అలాగని అందరికీ ఉంగరమే అని కాదు.

అంగిలిని వెడల్పు చేసే పరికరం పెట్టవలసి వచ్చినా, దవడ పంటికి పెద్ద ఫిల్లింగు లేదా క్యాపు ఉన్నా సాధారణంగా ఉంగరం వైపే మొగ్గుతారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవారిలో కొందరి పళ్ళపై గోధుమరంగు మచ్చలు, గుంటలు ఉంటాయి. అటువంటి పంటికి జిగురు సరిగా పట్టదు. పన్ను ఇంకా పూర్తిగా పైకి రాకపోతే, లేదా చిగుళ్ళు బలహీనంగా ఉంటే ట్యూబు అనుకూలం. ఒకే నోటిలో రెండూ వాడటం కూడా మామూలే.

డాక్టరుగారికి తప్పక చెప్పవలసినవి

ఉంగరం తొడిగేటప్పుడు చిగురు గీరుకుని రక్తం రావచ్చు. ఆ దారిన నోటిలోని క్రిములు రక్తంలోకి వెళ్తాయి. ఆరోగ్యవంతులకు దానివల్ల సాధారణంగా ఇబ్బంది లేదు. కృత్రిమ కవాటం అమర్చుకున్నవారికి, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారికి, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బులున్నవారికి మాత్రం ఇది ప్రాణాపాయం కావచ్చు. వారికి ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వవలసి ఉంటుంది. పళ్ళకూ గుండెకూ సంబంధమేమిటి అనుకుని మౌనంగా ఉండకండి. పాత ఆసుపత్రి కాగితాలు వెంట తీసుకురండి. గిల్టు నగలు పెడితే దురద వచ్చే పిల్లల సంగతి కూడా చెప్పండి. స్టీలులో నికెల్ ఉంటుంది.

ఇంటి దగ్గర

ట్యూబు ఊడితే వెంటనే తెలుస్తుంది. ఉంగరం కింద సిమెంటు కరిగితే మాత్రం ఉంగరం అలాగే నిలిచి ఉండి, లోపల ఆహారం చేరి పన్ను పుచ్చిపోవచ్చు. ఉంగరం కదిలినా, ఉప్పగా రుచి తగిలినా, దుర్వాసన వచ్చినా తదుపరి తారీఖు వరకు ఆగకండి. పిన్నుతోనో గోటితోనో సర్దకండి. ఊడిన ముక్కను దాచి తీసుకురండి. ముక్క మింగిన తరువాత దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి.

చెరుకు, జంతికలు, వేరుశనగ పట్టీ, జీళ్ళు ఈ రోజుల్లో వద్దు. ఫ్లోరైడు పేస్టుతో ఉదయం, రాత్రి చిగురు అంచువరకు తోమించండి.

ఉంగరమైనా ట్యూబైనా, ధర చూసో పక్కింటివారి మాట వినో ఎంచుకోకండి. "మా బిడ్డ పంటికి ఇదే ఎందుకు?" అని డాక్టరుగారిని అడగండి. ఆ జవాబు వినే హక్కు మీకుంది. ప్రభువు మీ కుటుంబములకు మంచి ఆరోగ్యమిచ్చును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్