నమ్మకం, లెక్క



మన జిల్లాలోని తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో పుట్టి, చాలావరకు స్కాలర్‌షిప్పులతోనే చదువుకుని రాష్ట్రపతి అయిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మీకు తెలిసినవారే. ఆయన 1944లో చైనా వెళ్ళి ఉపన్యాసాలిచ్చారు. అవి ‘ఇండియా అండ్ చైనా’ అనే పుస్తకంగా వచ్చాయి. అందులో కన్ఫ్యూషియస్ బోధనల గురించి కూడా వివరించారు.

కన్ఫ్యూషియస్ సుమారు 2,500 ఏళ్ళ క్రితంవాడు. పరిపాలనకు ఏమి కావాలని ఒక శిష్యుడు అడిగితే తిండి, సైన్యం, ప్రజల నమ్మకం అన్నాడు. తప్పనిసరైతే ముందు సైన్యాన్ని, తరువాత తిండిని కూడా వదులుకోవచ్చు గాని నమ్మకం పోతే రాజ్యం నిలవదన్నాడు. ఆ నమ్మకం పాలకుడి నడతను బట్టే వస్తుందని ఆయన అభిప్రాయం. ముప్పై ఐదేళ్ళు బ్యాంకు కౌంటరులో కూర్చున్న నాకు ఇది కొత్తగా అనిపించలేదు.

మరి పాలకుడి నడత బాగాలేకపోతే? మంత్రులు ధైర్యంగా ఎదురు చెప్పాలన్నాడే గాని, జనానికి లెక్క అడిగే దారి చూపలేదు. ఆ దారి మన పక్క జిల్లా కాంచీపురంలో, ఉత్తరమేరూరు గుడిగోడ మీద ఉంది. మొదటి పరాంతక చోళుని కాలంలో, 920 ప్రాంతంలో గ్రామసభ తన నియమాలను చెక్కించింది. అర్హుల పేర్లు తాటాకు చీటీల మీద రాసి, కుండలో వేసి తీసేవారు. వయసు 35 నుంచి 70 లోపు ఉండాలి. పదవి ఒక్క ఏడాదే. ఇంతకుముందు పనిచేసి లెక్క చూపనివాడు అనర్హుడు, అతని దగ్గరి బంధువులూ అనర్హులే. (బంధువులను కూడా కలిపినవారెవరో లోకం బాగా తెలిసినవారు!) భూమి, వేదవిద్య ఉన్నవారికే అవకాశం కనుక దాన్ని నేటి ప్రజాస్వామ్యం అనలేము. నేడు 18 ఏళ్ళు నిండిన ఓటరు ఎవరైనా గ్రామసభలో పంచాయతీ ఖర్చులు అడగవచ్చు.

1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో రాధాకృష్ణన్ గారు కూడా పైస్థాయి అవినీతి గురించి, బంధుప్రీతి గురించి హెచ్చరించారు.

నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మన ఎంపిక కమిటీకి మా చెల్లెలి మనవడి దరఖాస్తు వచ్చింది. మార్కులు బాగున్నాయి, అర్హుడే. నేను లేచి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాను. అతనికి వచ్చింది. స్కాలర్‌షిప్పు రాని ఒక అమ్మాయి తండ్రి బజారులో నన్ను చూసి, “మీవాడికి వచ్చిందటగా సార్” అని నవ్వాడు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆయనకు నేను ఏ కాగితం చూపించను?

ఈ ఏడాది దరఖాస్తులో కొత్తగా ఒక గడి చేర్చాము. కమిటీలో మీ బంధువులుంటే పేరు రాయండి. రాసినందువల్ల స్కాలర్‌షిప్పు పోదు. ఆ దరఖాస్తు చూసేటప్పుడు ఆ బంధువు బయట కూర్చుంటాడు.